పాట తీసినోళ్లు వాడనడిగారా?

ఇవాళ మన పిల్లల చేతుల్లో ఫోన్లున్నాయి. ఫోన్లోనే కెమెరా ఉంది. తీసినదాన్ని కత్తిరించి అతికించే సరంజామా కూడా అందులోనే ఉంది. ఒకప్పుడు మన పాట ఊరి పొలిమేర దాటాలంటే క్యాసెట్ కావాలి. క్యాసెట్‌కి స్టూడియో కావాలి. స్టూడియోకి డబ్బు కావాలి. డబ్బున్నోడి దయ కావాలి. ఇప్పుడా అడ్డం చాలావరకు పోయింది. హాస్టల్లో పాట కడుతున్నారు. పండక్కి ఇంటికొచ్చినప్పుడు వాడలో నాలుగు బొమ్మలు తీస్తున్నారు. వారం తిరక్కుండా పాట యూట్యూబ్‌లో ఉంటుంది.

ఇది మంచి మార్పు. మేం దీన్ని మనసారా స్వాగతిస్తున్నాం. కానీ పాట తీసిన ప్రతి విద్యార్థినీ ఒక్క మాట అడగదల్చుకున్నాం. లోకానికి పెట్టకముందు ఎవరికి చూపించావు? ఎవరి మాట విన్నావు?

మామూలుగా వచ్చే జవాబులు రెండే. ఒకటి: 'ఫ్రెండ్స్‌కి చూపించాం, సారుకి చూపించాం.' రెండోది: 'పెట్టాక చూస్తాంగా, ఎన్ని లైకులొస్తయో.' ఈ రెండు జవాబుల్లోనూ వాడ లేదు. వాడ తెర మీద ఉంది, తెర ముందు లేదు. మా అభ్యంతరం అక్కడే.

లైకు మాట కాదు

ఎంతమంది చూశారన్న అంకె, ఎంతమంది తలుపు తీశారన్న లెక్క మాత్రమే. లోపలికొచ్చి కూర్చున్నారా, గడప దగ్గర్నుంచే ఎనక్కి తిరిగారా, పోతూ పోతూ ఏమనుకున్నారు అన్నది ఆ అంకె చెప్పదు. వీడియో పెట్టినోళ్లకి యూట్యూబ్ ఒక గీత చూపిస్తుంది. ఏ క్షణం దగ్గర ఎంతమంది వదిలేసి పోయారో అందులో తెలుస్తుంది. అది పనికొచ్చే గీతే, చూడండి. కానీ ఎక్కడ పోయారో చెప్తుంది గానీ ఎందుకు పోయారో చెప్పదు. 'నచ్చలేదు' అని నొక్కినోళ్ల లెక్కనయితే 2021 నవంబరు నుంచి చూసే జనానికి కనపడకుండా చేశారు. పెట్టినోళ్లకి మాత్రమే కనపడుతుంది.

ఇక కింద రాసే మాటలు. 'సూపర్ అన్నా', 'కేక బ్రో' అని కొందరు. కులం పేరుతో బూతులు కొందరు. పొగడ్త తీపి, తిట్టు చేదు. రెండూ ముఖం చూడకుండా వచ్చేవే. పాట ఎక్కడ తప్పిందో, ఎక్కడ తగిలిందో ఆ రెంటి నుంచీ తెలుసుకోవడం కష్టం.

అంకెల మీద మరీ భ్రమ ఉన్నోళ్లు కిన్నెర మొగిలయ్యని తలుచుకోవాలి. 2021లో సినిమా పాటతో ఆయన గొంతు ఇంటింటికీ పోయింది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలి పని చేసుకుంటున్నాడని పత్రికలు రాశాయి. తమిళంలో అరివు రాసి పాడిన 'ఎంజాయ్ ఎంజామి' 2021 మార్చిలో వచ్చింది, కోట్లమంది చూశారు. అదే ఏడు ఆగస్టులో ఒక సంగీత పత్రిక ముఖచిత్రం మీద అరివు బొమ్మ లేకపోయేసరికి పెద్ద గొడవయింది. కోట్ల చూపులు పాటకి పేరు తెస్తాయి. పాట ఎవరిదో ఆ మనిషికి పేరునీ కూడునీ కూడా అవే తెచ్చిపెడతాయని ఎవరూ హామీ ఇవ్వలేరు.

మార్కులేసే సారు, పని తెలిసిన వాడ

మాస్ కమ్యూనికేషన్ చదివే పిల్లలకి ఈ పాట ఒక ప్రాజెక్టు. సారు వెలుతురు చూస్తాడు. కోతలు చూస్తాడు. పెదాల కదలిక గొంతుకి కుదిరిందా అని చూస్తాడు. ఇవన్నీ చూడాల్సినవే, కాదనం. కానీ డప్పుని మంట దగ్గర కాపకుండానే కొడుతున్నట్టు చూపిస్తే సారుకి తెలియకపోవచ్చు. సిర్ర ఏ చేతిలో ఉండాలో, సిటికెన పుల్ల ఏ చేతిలో ఉండాలో తెలియకపోవచ్చు. చావు దగ్గర కొట్టే దెబ్బని పెళ్లి ఊరేగింపు బొమ్మ కింద పెడితే సారు మార్కులేస్తాడు. వాడలో ముసలాయన నవ్వుతాడు. ఆ నవ్వు ఉందే, దాన్ని మించిన విమర్శ లేదు.

ఇంగ్లండులో ఇంటర్ ఈడు పిల్లలకి మీడియా ఒక సబ్జెక్టు. 2010 ప్రాంతంలో అక్కడి ఒక పరీక్షా బోర్డు ఈ సంగతిని ఏకంగా మార్కుల్లోకే తెచ్చింది. పాట వీడియో లాంటిది తీసిన విద్యార్థి, చూసినోళ్ల మాటల నుంచి తను ఏం నేర్చుకున్నాడో జవాబు ఇవ్వాలి. మంచి ప్రశ్న. మన దగ్గర కోర్సులు నడిపేవాళ్లు కూడా ఈ ప్రశ్నకి మార్కులు పెట్టాలని మేం అడుగుతున్నాం. అయితే చూసినోళ్లంటే పక్క బెంచీ స్నేహితులే అయితే చాలదు. ఎవరి బతుకు తీశారో వాళ్లు చూడాలి.

అసలు మన పాటకి ఇది కొత్త సంగతేం కాదు. వాడలో పాట ఎప్పుడూ ఒక్కడి సొత్తు కాదు. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు. నాట్ల కాడ పల్లవి అందుకోకపోతే ఎత్తుకున్నామె మాట మారుస్తుంది, లేకపోతే పాటే మారుస్తుంది. బుర్రకథలో పక్కనోళ్ల తందాన లేకపోతే కథ ముందుకి నడవదు. జనం జవాబిస్తేనే పాట బతికింది. కెమెరా వచ్చాక ఏమైంది? పాడేవాళ్లు ఒకచోట, వినేవాళ్లు ఒకచోట అయ్యారు. మధ్యలో ఆ జవాబు తెగిపోయింది. తెగిన తాడుని మళ్లీ ముడెయ్యమనే మేం చెప్తున్నది.

ముందే నడిచినోళ్లున్నారు

కెనడా దేశంలో ఫోగో అని ఒక దీవి ఉంది. చేపలు పట్టి బతికే జనం. 1960లలో వాళ్ల బతుకు తెరువు దెబ్బతిన్నది. జనాన్ని దీవి ఖాళీ చేయించి వేరేచోటికి తరలించాలన్న ఆలోచన ప్రభుత్వంలో నడుస్తోంది. 1967లో కాలిన్ లో అనే సినిమా డైరెక్టరు, యూనివర్సిటీలో పనిచేసే డొనాల్డ్ స్నోడెన్ కలిసి ఆ దీవి మనుషుల మీద ఇరవైకి పైగా చిన్న సినిమాలు తీయించారు. తీసినవి ముందు ఆ మనుషులకే చూపించారు. ఫలానా ముక్క వద్దు అనే హక్కు వాళ్లకే ఇచ్చారు. ఒక ఊరిలో తీసింది ఇంకో ఊరిలో చూపించి చర్చ పెట్టారు. తమ కష్టమే పక్కూరిలోనూ ఉందని జనం తెరమీద చూసి తెలుసుకున్నారు. ఆ తర్వాతనే మంత్రులకి చూపించారు. జాలర్లు సహకార సంఘం పెట్టుకున్నారు. దీవి ఖాళీ కాలేదు. సినిమానే ఇదంతా చేసిందని మేం అనం. జనం ఒకటయ్యారు కాబట్టి అయింది. కానీ ఒకటవ్వడానికి ముందు ఒకరినొకరు చూసుకోవాలి. ఆ పనికి తెర పనికొచ్చింది.

అంత దూరం ఎందుకు? జహీరాబాద్ పక్కన పస్తాపూర్ ఉంది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత ఆడవాళ్లు 1990ల చివర్లోనే వీడియో కెమెరా పట్టడం నేర్చుకున్నారు. బడి ముఖం చూడనివాళ్లు కూడా అందులో ఉన్నారు. 2008లో మాచునూరులో సంఘం రేడియో కూడా పెట్టుకున్నారు. కెమెరా చూపులకి వాళ్లు పెట్టుకున్న పేర్లు సినిమా పుస్తకాల్లో ఉండవు. దొర చూపు ఉన్నది పటేల్ షాట్. కంటికి కన్ను సమానంగా ఉన్నది సంఘం షాట్. కెమెరా ఎక్కడ పెట్టామన్నదాంట్లోనే ఎవరి పక్కన నిలబడ్డామో ఉందని వాళ్లు పనిలోంచి తెలుసుకున్నారు. మన విద్యార్థి వాడలో పాట తీసి చూపిస్తే, ఆ తెర ముందు కూర్చున్న ఆడవాళ్లు ఇలాంటి మాట చెప్పగలరు. అడగాలంతే.

ఎట్లా అడగాలి?

అడగడం కూడా ఒక పనే. దానికీ ఒక పద్ధతి ఉంది. సంఘాల్లో పనిచేసే మిత్రులు ఈ కిందివి గుర్తుపెట్టుకుంటే మేలు.

మొదటిది, పచ్చిగా ఉన్నప్పుడే చూపించండి. అన్నీ అయిపోయాక, పేర్లు కూడా ఎక్కించాక చూపిస్తే అది అడగడం కాదు. శుభలేఖలు పంచినాక ముహూర్తం అడిగినట్టు ఉంటది. పచ్చి వీడియో చూస్తే జనానికి ఇంకా మార్చవచ్చన్న ధైర్యం వస్తుంది, నోరు విప్పుతారు.

రెండోది, చోటూ వేళా. కూలికి పోయినోళ్లు తిరిగొచ్చి, ఇంత తిని కూర్చునే వేళ చూసుకోండి. సర్పంచి ఇంటి ముందు పెట్టకండి. అందరూ చనువుగా కూర్చునే చోట పెట్టండి. ఫోన్ చేతులు మారుతూ తిరిగితే ఎవరికీ సరిగా కనపడదు. ఎవరింట్లోదైనా టీవీకి తగిలించండి. ప్రొజెక్టరు దొరికితే తెల్ల దుప్పటి చాలు. మంచి స్పీకరు మాత్రం తప్పనిసరి. మాట వినపడకపోతే పాట మీద అభిప్రాయం ఎక్కడినుంచి వస్తుంది?

మూడోది, ముందుగా ఉపన్యాసం ఇవ్వకండి. 'ఇందులో మేం ఫలానాది చెప్పదల్చుకున్నాం' అని ముందే అంటే జనం దాన్నే తిప్పి మీకు చెప్తారు. ఊరికే వేసి చూపించండి. ఆ నాలుగు నిమిషాలూ మీరు తెరని చూడకండి. జనాన్ని చూడండి. ఎవరు పక్కనోళ్లతో మాట్లాడారు? ఎక్కడ కొంగు కళ్ల దగ్గరికి పోయింది? ఎక్కడ పిల్లలు లేచి ఆటకి పోయారు? నోటిమాట కంటే ముందు వచ్చే జవాబు అదే.

నాలుగోది, 'బాగుందా?' అని అడగకండి. అడిగితే 'బాగుంది బిడ్డా' అనే అంటారు. బిడ్డ వండిన కూర బాగలేదని ఏ తల్లి అంటది? ఇట్లా అడగండి: ఈ పాట ఎవరి గురించి అనుకున్నరు? ఏ మాట చెవికి అందలేదు? ఎక్కడ మనసు పక్కకి పోయింది? ఏది అబద్ధం లెక్క కనపడ్డది? ఏది ఉండాల్సింది, లేదు? పక్కూరోళ్లకి చూపితే మీకు చిన్నతనం అనిపించేదేమన్నా ఉందా? పాట అయినాక ఏ ముక్క నోట్లో మిగిలింది? ఈ ఏడు ప్రశ్నలకి వచ్చే జవాబులు ఏ లైకూ ఇవ్వలేదు.

ఐదోది, రాసుకునే మనిషి వేరే ఉండాలి. పాట తీసినోడే రాసుకుంటే తనకి నచ్చిందే చెవికెక్కుతుంది. అవ్వ అన్నమాట అవ్వ మాటలోనే రాయాలి. మన పుస్తకం భాషలోకి మార్చితే సగం పోతుంది. తీసినవాళ్లు వాదించకూడదు. 'అది కాదు పెద్దమ్మా, దాని అర్థం వేరే' అన్నామా, పెద్దమ్మ ఇంక నోరెత్తదు. అర్థం చెప్తే తప్ప అర్థం కాలేదంటే పాటలోనే ఏదో లోటుందని లెక్క.

ఆరోది, ఆడవాళ్లనూ మగవాళ్లనూ కలిపే కాదు, విడిగా కూడా అడగండి. ఒక వాడలో అడిగి అందరి మాటా వచ్చేసిందనుకోకండి. మాల వాడ మాట మాదిగ వాడ మాట కాదు. చిందు, డక్కలి కుటుంబాల పాట తీసుకుంటే వాళ్ల గడపకే పోయి అడగాలి. ఇంకోటి, ఆ ఊరితో సంబంధం లేని ఇంకో ఊరిలో కూడా ఒకసారి వేయండి. మన ఊరికి తెలిసిన సంగతి మనకి పాటలో లేకపోయినా అర్థమవుతుంది. తెలియనోళ్లకి అర్థమైందా లేదా అన్నది అక్కడే తేలుతుంది.

ఆఖరిది, తిరిగి రండి. ఏ మాట విని ఏం మార్చారో, ఏది మార్చలేదో, ఎందుకో వచ్చి చెప్పండి. అడిగి పోయి మళ్లీ ముఖం చూపించనోళ్లని వాడ చాలామందిని చూసింది. సర్వేలోళ్లు, ఓట్లోళ్లు, పరిశోధనలోళ్లు. మన పిల్లలు ఆ వరసలో చేరకూడదు.

ఏ మాటకి ఎంత విలువ?

అన్ని మాటలూ ఒకటి కాదు. వీటిని విడదీసుకోవాలి.

బొమ్మలో ఉన్న మనిషి మాట మొదటిది. 'నా ముఖం తీసెయ్యి బిడ్డా' అంటే తీసెయ్యడమే. ఎందుకని కూడా అడగొద్దు. ఆ మనిషి మాటకి మించిన మాట లేదు. అత్యాచారానికి గురైన ఆడబిడ్డ గురించిన పాటయితే ఇంకా జాగ్రత్త కావాలి. ఆమె పేరు గానీ, గుర్తుపట్టే ఆనవాలు గానీ బయటపెట్టడం నేరం. ఇంతకుముందు ఐపీసీ 228ఎ సెక్షను, 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను ఈ సంగతి చెప్తున్నాయి. ముఖానికి మసక పెట్టి ఇల్లూ వీధీ చూపిస్తే గుర్తు పట్టనట్టు కాదు. పాడినోళ్ల పేరు సంగతి కూడా ఇందులోనిదే. ముసలమ్మ దగ్గర పాట రికార్డు చేసుకుని కింద 'జానపదం' అని రాసి ఊరుకోవడం అన్యాయం. తన పాటకి తన పేరు ఉండాలని అడిగే హక్కు పాడినవాళ్లకి ఉందని 2012లో సవరించిన కాపీరైట్ చట్టం చెప్తోంది.

పని తెలిసినోళ్ల మాట రెండోది. 'నారు అట్ల పట్టరు', 'మా ఊళ్లో దాన్ని ఆ పేరుతో పిలవరు' అంటే సరిచూసుకుని దిద్దుకోవాలి. ఇందులో పంతానికి చోటు లేదు.

ఇష్టాయిష్టాల మాట మూడోది. 'డాన్సు పెట్టు', 'హీరోయిన్ లాంటి పిల్లని పెట్టు', 'సినిమా మ్యూజిక్కు కొట్టు' అంటారు. వినండి, ఎందుకన్నారో ఆలోచించండి. నిర్ణయం మాత్రం తీసినోళ్లది. సినిమా మన చూపుని కూడా ఎంతో కొంత మార్చింది. మనకి నచ్చిందల్లా మనదే అయి ఉండాలని లేదు.

నాలుగోది భయం మాట. ఇది అన్నిటికంటే బరువైంది. 'ఆ పటేలు పొలం తియ్యకు', 'ఆ గుడి మెట్లు తీసెయ్యి, గొడవెందుకు' అని పెద్దమనుషులు అంటారు. చదువుకున్న పిల్లలకి రోషం వస్తుంది. పిరికితనం అనుకుంటారు. ఒక్క నిమిషం ఆగండి. పాట పెట్టి మీరు సోమవారం పొద్దున పట్నం బస్సెక్కుతారు. తెర మీద కనపడ్డ మనిషి అదే పొద్దున అదే పొలానికి కూలికి పోవాలి. కూలి ఆపేస్తే? దారి ఆపేస్తే? రాత్రి తలుపు కొడితే? ధైర్యం ఒకరిది, దెబ్బ ఇంకొకరిది కాకూడదు. కారంచేడు 1985, చుండూరు 1991 మరిచిపోయేవి కావు. అట్లాగని నిజాన్ని మింగెయ్యమని మేం చెప్పడం లేదు. సంఘం కూర్చుని తేల్చాల్సిన సంగతి ఇది. దెబ్బ వస్తే ఎవరెవరు నిలబడతారు, ఎవరి బొమ్మ ఉంచుదాం, ఎవరిది తీసేద్దాం, ఇప్పుడే పెడదామా, పంట ఇంటికొచ్చాక పెడదామా అని అందరూ కలిసి తేల్చాలి. కలిసి తేల్చుకుని పెట్టిన పాటకి వాడ మొత్తం కాపలా ఉంటుంది. ఒక్కడు పెట్టిన పాటకి ఆ ఒక్కడు కూడా ఊళ్లో ఉండడు.

మరో చిక్కు కూడా ఉంది. సారా బొమ్మ తీసెయ్యమని మగవాళ్లు అంటారు, ఉంచమని ఆడవాళ్లు అంటారు. అప్పుడు చేతులెత్తించి లెక్కపెట్టకండి. దెబ్బలు తిన్నది ఎవరు, ఇంట్లో గిన్నె ఖాళీగా చూసింది ఎవరు అని అడగండి. బాధ పడ్డవాళ్ల మాటకి బరువెక్కువ. వాడ లోపల కూడా ఈ న్యాయమే నడవాలి. పటేలుకి ఒక న్యాయం, మనింటి మగాడికి ఇంకో న్యాయం కుదరదు.

'అందర్నీ అడిగితే పాట పాడవుతుంది'

ఈ మాట మాకు తెలుసు. పదిమంది చేతులు పడితే పులుసు పాడవుతుందని, కళ అంటే ఒక్కడి గుండెలోంచి రావాలని అంటారు. గుండెలోంచే రావాలి, సరే. ఆ గుండెలోకి వాడ గోస ఎక్కడినుంచి వచ్చింది? వాడ నుంచి తీసుకునేటప్పుడు అడ్డం రాని పదిమంది, తిరిగి చూపించేటప్పుడు ఎందుకు అడ్డమయ్యారు? పైగా మేం అందరి మాటా పాటలో పెట్టమనడం లేదు. అందరి మాటా వినమంటున్నాం. వినడం వేరు, లొంగడం వేరు.

టైం లేదంటారు, సబ్మిషన్ తేదీ దగ్గరపడ్డదంటారు. షూటింగుకి రెండు రోజులు రాసుకున్నోళ్లు చూపించడానికి రెండు సాయంత్రాలు రాసుకోలేరా? రాసుకోకపోతే టైం లేక కాదు, అవసరమనుకోక.

విద్యార్థి మిత్రులారా, వచ్చే సెలవుల్లో పాట పెన్‌డ్రైవులో వేసుకుని ఇంటికి రండి. సంఘాల్లో పనిచేసే అన్నలూ అక్కలూ, వాళ్లు అడిగేదాకా ఆగకండి. దుప్పటీ స్పీకరూ మీరే సిద్ధం చెయ్యండి. వాడలోని తల్లులారా తండ్రులారా, పిల్లలు నొచ్చుకుంటారని నిజం దాచకండి. మీరు చెప్పకపోతే వాళ్లకి చెప్పేవాళ్లు లేరు. చూసి, పదిమందిలో కూర్చుని, ఎక్కడ బాగుందో ఎక్కడ బాగలేదో నోరు తెరిచి చెప్పండి. మన పాట ముందు మన మధ్య నెగ్గాలి. తర్వాత లోకం సంగతి.